నీళ్లు లేకుండా నేర్చిన ఈత

వాండా కుబాకి కాలేజీలో చేరింది చదువు మీద మోజుతో కాదు, కట్టిన ఫీజు దండగైపోకూడదని. కూతురు క్రిస్టీన్ మా ఊరు చికొపీ పక్కనున్న కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులకి డబ్బు కట్టి, మొదటి వారం గడవకుండానే డ్రమ్ములు వాయించే ఒక కుర్రాడి వెంట ఫ్లోరిడా చెక్కేసింది. కాలేజీ వాళ్లు డబ్బు వెనక్కిచ్చేది లేదన్నారు. ఇంట్లో ఆ సాయంత్రమంతా తర్జనభర్జన పడ్డారు. చివరికి వాండా అత్తగారు, ఇంటిల్లిపాదీ పోలిష్‌లో బాబ్చి, అంటే నాయనమ్మ, అని పిలిచే పెద్దావిడ, విసుగొచ్చి తేల్చేసింది.

"టికెట్టు కొన్నాం కదా. ఎవరో ఒకరు పోయి బస్సులో కూర్చోండి."

అలా వాండా వెళ్లి కూర్చుంది. అప్పటికి ఆమెకి నలభై రెండేళ్లు. పగలు స్కూలు క్యాంటీన్లో పిల్లలకి మెత్తగా ఉడికిన బంగాళాదుంపలు వడ్డించేది. సాయంత్రం క్లాసులో "క్రిస్టీన్ కుబాకి" అని పిలిస్తే "ప్రెజెంట్" అనేది. రెండు నెలలు అలాగే నడిచింది. పరీక్షల ముందు మనసు ఊరుకోక, తాను క్రిస్టీన్ కాననీ, క్రిస్టీన్ తల్లిననీ లెక్చరరు దగ్గర ఒప్పుకుంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "పందొమ్మిదేళ్ల పిల్లకి ఇంత శ్రద్ధేమిటా అని నేనూ అనుకుంటూనే ఉన్నానమ్మా," అని పేరు కొట్టేసి వాండా అని రాసుకున్నాడు. ఆ పేరుతోనే ఆమె ఏడేళ్లు చదివింది.

ఆ ఏడేళ్లలో ఒక సెమిస్టరు ఈత నేర్చుకుంది. ఈ కథంతా దానివల్ల వచ్చిన తంటాయే.

డిగ్రీకి ఒక వ్యాయామం క్లాసు తప్పనిసరి. క్యాంటీన్ పని అయ్యాక అందే వేళకి ఈత ఒక్కటే దొరికింది. కాకపోతే ఆ కాలేజీ ఈతకొలనులో పలకలు పగిలి నీళ్లు నేలలోకి ఇంకిపోతుంటే, దాన్ని ఎండగట్టి తాళం వేశారు. కొలను ఎండినా క్లాసు ఎండలేదు. ఒకసారి టైమ్‌టేబుల్లో అచ్చయిన క్లాసుని తీసెయ్యాలంటే పై కమిటీ కూర్చోవాలి, ఆ కమిటీ వసంతం వచ్చేదాకా కూర్చోదు. అందుకని గాన్యాన్ మాస్టారు వ్యాయామశాలలో బల్లలు వేయించి, విద్యార్థుల్ని వాటి మీద బోర్లా పడుకోబెట్టి కాళ్లూ చేతులూ ఆడించడం నేర్పాడు. బార ఈత, కప్ప ఈత, వెల్లకిలా ఈత అన్నీ అయ్యాయి. ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో ఈల వేసి చెప్పేవాడు. నవ్విన వాళ్లకి మార్కులు తీసేసేవాడు. వాండా నవ్వలేదు. చివరి రోజు పరీక్షలో ఆమె బల్ల మీద వేసిన కప్ప ఈత చూసి మాస్టారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సెమిస్టరు మొత్తానికి ఆ హాల్లో కనబడ్డ నీళ్లు అవే. వాండాకి అన్నిటికన్నా పైదైన "ఏ" గ్రేడు వచ్చింది.

తరవాత విట్‌కూంబ్ మహిళా కళాశాల సంగతి వచ్చింది. విట్‌కూంబ్ నది దాటి కొండ మీద ఉంటుంది, మా ఊరికి ఇరవై నిమిషాలు. మా వాళ్లు అక్కడికి వెళ్లని రోజు లేదు. బాయిలర్లు బాగుచెయ్యడానికి వెళ్తారు, విందుల్లో పళ్లేలు అందించడానికి వెళ్తారు, మంచు ఎత్తిపొయ్యడానికి వెళ్తారు. వెళ్లి కుర్చీలో కూర్చున్నవాళ్లే లేరు. ఆ కాలేజీ వాళ్లు వయసు మళ్లిన ఆడవాళ్లని కూడా కొద్దిమందిని చేర్చుకుంటున్నారని విని వాండా దరఖాస్తు పెట్టింది. పిలిచి, ఏం చదువుతావని అడిగారు.

"లాటిన్ అండి," అంది వాండా.

"ఎందుకు?"

"చిన్నప్పుడు చర్చిలో మోకాళ్ల మీద కూర్చుని ఏళ్ల తరబడి లాటిన్‌లో ఏదేదో ఒప్పుకున్నానండి. ఏం ఒప్పుకున్నానో తెలుసుకోవాలని ఉంది."

స్కాలర్‌షిప్పు ఇచ్చి మరీ చేర్చుకున్నారు. మూడో ఏడాదిలో చేరాలంటే సగం చదువు పూర్తయినట్టు క్రెడిట్ల లెక్క తేలాలి. వాండాకి సరిగ్గా సగం తేలింది, పిసరు ఎక్కువ లేదు. ఆ సగంలో ఈత కూడా ఉంది. కాగితం మీద "ఈత" అనే ఉంటుంది గాని, బల్ల మీదా నీళ్లలోనా అని ఉండదు కదా. వాండాకి అప్పుడా ఆలోచనే రాలేదు. మొదటి లాటిన్ క్లాసులో, చిన్నప్పుడు గొణిగిన మాటొకటి బోర్డు మీద కనిపించి దాని అర్థం తెలిసేసరికి ఆమెకి ఒళ్లు ఝల్లుమంది. ఇంటికొచ్చి మొగుడు హెన్రీతో, పెళ్లినాడు కూడా ఇంత సంతోషం లేదని చెప్పేసింది. హెన్రీ నొచ్చుకోలేదు. "పెళ్లినాడు వాన కదా," అన్నాడు. టైర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక స్కూలు బస్సు నడుపుతున్న మనిషి, చిన్నచిన్న విషయాలకి మనసు పాడుచేసుకోడు.

విట్‌కూంబ్‌లో ప్రతి విద్యార్థినీ ఏదో ఒక ఇంటికి చెందాలి, హాస్టలుని అక్కడ ఇల్లంటారు. వాండాకి ఫెల్టన్ ఇల్లు వచ్చింది. ఆమె అక్కడ ఉండదు, పడుకోదు, సాయంత్రమైతే కారెక్కి చికొపీ వచ్చేస్తుంది, అయినా చెందాలి. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ పై తరగతి పిల్ల ఒకతె అక్కగా ఉంటుంది. పిలుపు కూడా "అక్కా", "చెల్లీ" అనే సాగాలి, అది ఆ ఇంటి ఆనవాయితీ. నలభై తొమ్మిదేళ్ల వాండాకి ఇరవై ఒక్కేళ్ల పిప్పా లాథ్రప్ అక్క అయింది. పొడుగ్గా, సన్నగా, మొహమంతా మచ్చలతో, లోకంలో ఎవరికీ ఏ కష్టం రాకూడదని గట్టిగా కోరుకునే పిల్ల. తలుపు దగ్గర పాలగ్లాసూ బిస్కెట్లూ పెట్టేది. "కూరలు తింటున్నావా చెల్లీ" అని అడిగేది. ఒకసారి వాండా చేతులు పట్టుకుని, "ఇంటి మీద బెంగగా ఉందా? దాచుకోకు," అంది.

"నేను రోజూ ఇంటికే వెళ్తాను కదక్కా," అంది వాండా.

"పాపం. బెంగ పెట్టుకునే వీలు కూడా లేదన్నమాట," అని పిప్పా బాధపడింది.

సెప్టెంబరు సగంలో పిప్పా మెరిసే కళ్లతో పరిగెత్తుకొచ్చింది. నెలాఖరు ఆదివారం, సంస్థాపకురాలి దినం నాడు కాలేజీ చెరువులో ఇళ్ల మధ్య ఈత పందెం జరుగుతుంది. ఒక్కో ఇంటి నుంచి నలుగురు, ఒకరి తరవాత ఒకరు. ఫెల్టన్ ఇల్లు గెలిచి పదకొండేళ్లయింది. ఆఖరి వంతు ఎప్పుడూ కొత్తగా చేరినవాళ్లదే. "నీకు ఈతలో 'ఏ' గ్రేడు వచ్చిందట కదా. ఆఫీసులో విన్నాను. చెల్లీ, ఇన్నాళ్లూ నోరు విప్పలేదేం?" అంది పిప్పా.

వాండా గబగబా లెక్క వేసుకుంది. రాదని చెబితే ఆ "ఏ" గ్రేడు ఎలా వచ్చిందని అడుగుతారు. బల్లల సంగతి బయటపడుతుంది. ఈత క్రెడిటు ఎగిరిపోతుంది. అది పోతే సగం లెక్క తప్పుతుంది. లెక్క తప్పితే సీటు పోతుంది. లాటిన్ పుస్తకంలో నాలుగో పాఠం మధ్యలో ఉంది వాండా. చర్చిలో తాను ఒప్పుకున్నవాటిలో మొదటి రెండు వాక్యాల అర్థమే ఇప్పటికి తెలిసింది. "చెప్పుకునేంత గొప్పేం కాదక్కా," అని మాత్రం అని బయటపడింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లో చెప్పింది. కాబేజీ ఆకులో మాంసం చుట్టిన గొవొంప్కి ముందు పెట్టుకుని ఎవరూ ముట్టలేదు, బాబ్చి తప్ప.

"నేర్చుకుంటే పోలా?" అన్నాడు హెన్రీ. "ఇంకా రెండు వారాలుంది."

"ఎక్కడ నేర్చుకోను? లేబర్ డేతో వేసవి అయిపోయింది, ఊరి కొలను మూసేశారు. కాలేజీ కొలనుకి వెళ్తే అందరూ చూస్తారు."

"నీకు పాఠం చెప్పినాయన్ని అడుగు," అంది బాబ్చి నములుతూ. "మార్కులు ఆయనేగా వేసింది."

వాండా మర్నాడే వెళ్లి అడిగింది. గాన్యాన్ మాస్టారు అటూ ఇటూ చూసి తలుపు వేశాడు. "అమ్మా, నీ దగ్గర దాచడమెందుకు. నేను బౌలింగ్ నేర్పేవాడిని, బంతి దొర్లించి కొయ్యలు పడగొట్టే ఆట. నాకు నీళ్లంటే భయం. ఆ కొలను పగిలిందని తెలిసినరోజే ఆ క్లాసు నేను చెప్తానని ఒప్పుకున్నాను," అన్నాడు. వాండాకి కోపం రావలసింది గాని జాలేసింది. మనిషి తన పాఠానికి న్యాయం చేశాడు మరి, ఒక్క నీళ్ల విషయంలో తప్ప.

ఇక హెన్రీ రంగంలోకి దిగాడు. మేడ మీద స్నానాల తొట్టి నింపి, వాండాని బోర్లా పడుకోమని, తాను అంచున కూర్చుని ఈల వేశాడు. మోకాళ్లు తొట్టిలో పట్టలేదు. చేతులు చాపితే కుళాయికి కొట్టుకున్నాయి. ఒక బార వేసేసరికి నీళ్లు పొర్లి, కింద వంటింటి కప్పులోంచి బాబ్చి సూప్‌లోకి కారాయి. బాబ్చి గరిటె పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఏమిట్రా ఈ సర్కస్? దాన్ని చంపుతావా?"

"నేర్పుతున్నానమ్మా."

"నీకొచ్చా?"

హెన్రీ తొట్టి బిరడా తీసేశాడు.

"ఒసేయ్ వాండా, నా మాట విను," అంది బాబ్చి. "మన వంశంలో నీళ్లలో తేలినవాడు ఒక్కడు లేడు. పడవెక్కి ఈ దేశానికొచ్చారు, దిగారు, మళ్లీ నీళ్ల జోలికి పోలేదు. సీటు పోతే పోయింది, నువ్వు పోతే ఆ సీటులో ఎవరు కూర్చుంటారు? రేపే వెళ్లి, నాకు రాదు తల్లీ అని చెప్పెయ్."

వాండా ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నకి తెగించింది. సీటు పోయినా సరే, చెప్పేస్తాననుకుంది. పాపం, చెప్పడమే కష్టమనుకుంది గాని, వినేవాళ్లు ఉండరని ఊహించలేదు.

ముందు పిప్పాకి చెప్పింది. పందానికి ఇంకా వారం పైనే ఉందనగా ఒక శుక్రవారం సాయంత్రం, ఫెల్టన్ ఇంటి హాల్లో అందరూ టీ తాగుతున్న వేళ. "అక్కా, నాకు ఈత రాదు," అంది.

అందరూ తలలు తిప్పి చూశారు. పిప్పా కప్పు కింద పెట్టింది. ఆ ఇంట్లో "నాకు రాదు" అనే మాట నోట రాకూడదని వాండాకి ఎవరూ చెప్పలేదు. ఆడపిల్లలు లెక్కలు చేస్తే జబ్బుపడతారని డాక్టర్లు నమ్మకంగా చెప్పిన రోజుల్లో పెట్టిన కట్టుబాటది. ఎవరైనా ఆ మాట అంటే మెట్ల మీద మూడో మెట్టెక్కి, నలుగురి ముందూ "నాకు వచ్చు" అని గట్టిగా చెప్పాలి. తక్కినవాళ్లు చప్పట్లు కొట్టాలి. ఆ రోజుల్లో అది మంచి మందే అయ్యుంటుంది. జబ్బు తగ్గి వందేళ్లయినా మందు మాత్రం మానలేదు వీళ్లు.

"ఎక్కు చెల్లీ," అంది పిప్పా మృదువుగా.

"కాదక్కా, నిజంగానే రాదు. బల్ల మీద..."

"మొదటిసారి నేనూ ఏడ్చాను. ఎక్కు."

ముప్పై మంది పిల్లలు, అందరూ వాండా కూతురి కన్నా చిన్నవాళ్లు, ప్రేమగా చూస్తున్నారు. వాండా మూడో మెట్టెక్కింది. "నాకు ఈత వచ్చు," అంది. చప్పట్లతో హాలు మోగిపోయింది. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు కూడా. తన గురించి పచ్చి అబద్ధం చెప్పినందుకు వాండాకి జన్మలో దొరకనంత మెచ్చుకోలు దొరికింది.

తరవాత ఈత నేర్పే మిస్ థోర్న్ దగ్గరికి వెళ్లింది. మిస్ థోర్న్ ఈల మెడలో వేసుకుని పుట్టినట్టుంటుంది. వాండా బల్లల సంగతి మొత్తం చెప్పింది, బౌలింగ్ సంగతి మాత్రం మాస్టారి పరువు కోసం దాచింది.

"ఏదీ, చెయ్యి ఆడించి చూపించండి," అంది మిస్ థోర్న్.

వాండా నిలబడి చూపించింది.

"ఇంత చక్కటి బార నేను ఈ ఏడాది చూడలేదు," అంది మిస్ థోర్న్. "రానివాళ్లకి ఈ వాటం ఉండదు. మీకు లేనిది ఈత కాదమ్మా, ధైర్యం."

చివరికి డీన్ ఎవరిల్ గదికి వెళ్లింది. సీటు ఇచ్చేదీ తీసేదీ ఆవిడే. వాండా లోపలికి వెళ్లేముందు శిలువ గుర్తు వేసుకుంది. కుర్చీ అంచున కూర్చుని మొత్తం చెప్పేసింది. నాకు ఈత రాదు, ఆ గ్రేడు నిజంది కాదు, తీసెయ్యండి, నన్ను పంపించెయ్యండి, కాని నన్ను చెరువులోకి దింపకండి అంది. చెబుతుంటే ఏడుపొచ్చింది.

డీన్ లేచి వచ్చి రుమాళ్ల డబ్బా ముందు పెట్టింది. "వాండా, మీ వయసులో మా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరూ ఆ కుర్చీలో కూర్చుని ఇలాగే అంటారు. మొన్న ఒకావిడ నాకు వ్యాసం రాయడం రాదంది. నిన్న ఒకావిడ పొరపాటున నన్ను చేర్చుకున్నారంది. మీకు ఈత." ఆవిడ చిరునవ్వు నవ్వింది. "మీ అర్హతల్ని మేం శ్రద్ధగా చూసే చేర్చుకున్నాం. మా లెక్క ప్రకారం మీకు ఈత వచ్చు. మిమ్మల్ని మీరు నమ్మకపోయినా, మేం నమ్ముతున్నాం."

"నమ్మకండి మేడమ్," అంది వాండా.

"ఆదివారం ఒడ్డున నేనే ఉంటాను. మీ ఇంటివాళ్లని కూడా తీసుకురండి," అంది డీన్, చెయ్యి కలుపుతూ.

ఇంటికెళ్లి చెప్పింది వాండా. బాబ్చికి అర్థం కాలేదు. "రాదని చెప్పావా?"

"చెప్పాను."

"తెలిసేట్టు చెప్పావా?"

"ముగ్గురికి చెప్పాను బాబ్చీ. చెప్పిన కొద్దీ నాకు ఇంకా బాగా వచ్చేస్తోంది వాళ్ల దృష్టిలో."

పోనీ ఆ ఆదివారం జ్వరం వచ్చిందని పడుకుంటే సరిపోయేది కదా అని మీరనవచ్చు. హెన్రీ అదే అన్నాడు. కాని వాండాకి పిప్పా మొహం గుర్తొచ్చింది. తనని నమ్మొద్దని ఎంత చెప్పినా వినకుండా నమ్మినవాళ్లని ఎగ్గొట్టడం ఆమెకి చేతకాలేదు. పైగా మూడో మెట్టు మీద నిలబడి అన్ని సార్లు "వచ్చు" అన్నాక (పిప్పా రోజూ సాధన చేయించింది) ఎక్కడో లోపల, ఏమో, వచ్చేమో అన్న అనుమానం కూడా పుట్టింది. చదువుకున్న మనిషి ఇలా అనుకోవచ్చా అంటే, చదువుకుంటేనే ఇలా అనుకుంటారని నా అనుభవం.

ఆదివారం ఎండ బాగానే కాసింది. విట్‌కూంబ్ పిల్లలందరూ ఆనవాయితీ ప్రకారం తెల్లగౌన్లు వేసుకుని చెరువు చుట్టూ చేరారు. బాబ్చి మడతకుర్చీ తెచ్చుకుని, ఒళ్లో జపమాల ఒక పక్కా, సాసేజి శాండ్‌విచ్‌లు ఒక పక్కా పెట్టుకుని కూర్చుంది. హెన్రీ ఫ్యాక్టరీ మూసేసిన రోజు గుర్తుగా తెచ్చుకున్న ట్రాక్టరు ట్యూబుని గాలి కొట్టి చంకన పెట్టుకుని తిరుగుతున్నాడు. అలంకారం కోసమనుకుని ఎవరో దానికి రిబ్బను కట్టారు.

పందెం మొదలైంది. ఫెల్టన్ పిల్లలు ముగ్గురూ చేపల్లా ఈదారు. మూడో పిల్ల వచ్చి చెక్కవేదిక తాకేసరికి ఫెల్టన్ ఇల్లు అందరి కన్నా ముందుంది. పదకొండేళ్ల తరవాత. వేదిక మీద వాండా, క్రిస్టీన్ వదిలేసి వెళ్లిన ఆకుపచ్చ ఈతదుస్తుల్లో నిలబడి ఉంది. చుట్టూ "వాండా, వాండా" అని అరుపులు. డీన్ చప్పట్లు కొడుతోంది. పిప్పా గుండె మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది.

వాండా దూకింది.

గాన్యాన్ మాస్టారు చెప్పినవన్నీ చేసింది. చేతులు చాపింది, దగ్గరికి లాక్కుంది, మోకాళ్లు మడిచి తన్నింది, మొహం పైకెత్తి లెక్క ప్రకారం ఊపిరి తీసుకుంది. ఒక్క పొరపాటు లేదు. అంత చక్కగా చేస్తూనే తిన్నగా అడుక్కి వెళ్లిపోయింది. ఊపిరి తీసుకోవలసిన చోట నీళ్లు తీసుకుంది. కళ్ల ముందు అంతా పచ్చగా కనిపించింది. చచ్చిపోతున్నాననుకుంది. ఐదో పాఠం ఇంకా మొదలుపెట్టలేదనీ, ఒప్పుకున్నదేమిటో తెలియకుండానే పోతున్నాననీ దుఃఖం పొంగుకొచ్చింది. ఒడ్డున వాళ్లు దాన్ని నీళ్లలోపలి ఈతలో ఒక పద్ధతి అనుకుని ఇంకా చప్పట్లు కొడుతున్నారు.

హెన్రీ ట్యూబు విసిరాడు. అది వెళ్లి గాడ్‌ఫ్రీ ఇంటి పిల్ల నెత్తిన పడింది. అంతలో పిప్పా తెల్లగౌనుతోనే నీళ్లలోకి దిగి, నాలుగంగలు వేసి, వాండా జబ్బ పట్టుకుంది.

"చెల్లీ, కాళ్లు కింద పెట్టు."

వాండా కొట్టుకుంటోంది.

"వాండా, నిలబడు. నిలబడు చాలు."

వాండా కాళ్లు కింద పెట్టింది. నేల తగిలింది. లేచి నిలబడింది. నీళ్లు ఆమె పక్కటెముకల దాకా వచ్చాయి, అంతే. చలికాలంలో స్కేటింగ్ కోసం తవ్వించిన చెరువది, అందులో ఎక్కడా అంతకన్నా లోతు లేదు. ఆ సంగతి విట్‌కూంబ్‌లో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని ఎవరు మాత్రం చెబుతారు. బల్ల మీద ఈత నేర్చుకున్నప్పుడు నిలబడడం పాఠాల్లో లేదు మరి.

వాండా దగ్గి, ముక్కులోంచీ నోట్లోంచీ చెరువుని కక్కి, జుట్టు వెనక్కి తోసుకుని, ఒడ్డున ఉన్న అందరి వంకా చూసింది.

"నాకు ఈత రాదు," అంది.

అలవాటు కొద్దీ ఎవరో ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు.

పిప్పా వాళ్ల వైపు తిరిగింది. "ఆపండి. ఆవిడ నిజం చెబుతోంది," అంది. ఆ తరవాత వాండాని ఒక్కసారి కూడా చెల్లీ అని పిలవలేదు, పేరు పెట్టీ పిలవలేదు. ఒడ్డుకి వచ్చేదాకా "జాగ్రత్తండీ, ఇక్కడ బురదండీ" అంటూ తీసుకొచ్చింది. ఆ "అండీ" విని వాండాకి ఆ పిల్ల మీద జాలేసింది.

గంట తరవాత వాండా దుప్పటి చుట్టుకుని, తడిజుట్టుతో డీన్ గదిలో అదే కుర్చీలో కూర్చుంది. బయట నడవాలో హెన్రీ, బాబ్చి బెంచీ మీద కూర్చున్నారు. డీన్ మొహం పాలిపోయి ఉంది.

"మీకేమైనా అయ్యుంటే," అంది డీన్. "వాండా, ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను మేడమ్. ఇక్కడే కూర్చుని చెప్పాను."

డీన్ రుమాళ్ల డబ్బా వంక చూసింది. "చెప్పారు," అంది. "మీరు చెప్పారు. నేను మిమ్మల్ని ప్రోత్సహించాను." ఆ మాట అంటుంటే ఆవిడకే సిగ్గేసింది, అది పైకి కనబడింది కూడా. వాండాకి అప్పుడు తెలిసింది, తాను ఇన్నాళ్లూ భయపడిన మనిషి కూడా తనలాగే బల్ల మీద పడుకుని ఏదో నేర్చుకుందని.

"ఈత క్రెడిటు ఇక ఉంచలేను," అంది డీన్.

"తెలుసండి." వాండా దుప్పటి గట్టిగా పట్టుకుంది. "పుస్తకాలు కారులో ఉన్నాయి. లాటిన్ పుస్తకం మాత్రం, కుదిరితే, డిసెంబరు దాకా ఉంచుకుంటాను."

"ఎందుకు?"

"సీటు పోయాక తిరిగిచ్చెయ్యాలి కదండీ."

డీన్ ఆమె వంక వింతగా చూసింది. "సీటు పోదు. చేర్చుకునేముందైతే కుదరదనేవాళ్లం. చేరిపోయాక పంపెయ్యడానికి మాకు నిబంధన లేదు. ఉన్నదల్లా ఒకటే. సగానికి ఒక్క క్రెడిటు తక్కువైనా మీరు మూడో ఏడాది విద్యార్థిని కారు, రెండో ఏడాది అవుతారు. రెండో ఏడాది వాళ్లు ఇక్కడ మూడేళ్లు చదవాలి. స్కాలర్‌షిప్పు కూడా అన్నాళ్లూ ఉంటుంది. అంటే మీరు అనుకున్నదానికన్నా ఒక ఏడాది ఎక్కువ." ఆవిడ తల దించుకుంది. "తప్పు మాది, శిక్ష మీకు పడుతోంది. నన్ను క్షమించండి."

వాండా పట్టుకున్న దుప్పటి వదిలేసి ముందుకి వంగింది. "అంటే, నాకు ఈత రానందుకు ఇంకో ఏడాది లాటిన్ చెబుతారా?"

"అలా కూడా అనుకోవచ్చు."

వాండా లేచింది. థాంక్స్ చెప్పిందో లేదో ఆమెకే గుర్తులేదు. నడవాలోకి వచ్చేసరికి కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఆ మొహం చూసి హెన్రీ గబగబా లేచి, ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని ఎదురొచ్చాడు.

"పోతే పోయిందిలే," అన్నాడు. "ఆ పుస్తకం మనం ఎక్కడైనా కొనుక్కుందాం. నేను పాఠం అప్పగించుకుంటాను. ఏడవకు."

"పోలేదు హెన్రీ. ఇంకో ఏడాది ఉండాలట."

"ఏం?"

"శిక్షట. ఈత రానందుకు."

హెన్రీ చెప్పులు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ముప్పై ఏళ్లుగా చూస్తున్న మొగుడు, ఆమె మొహంలో అంత వెలుగు ఎప్పుడూ చూడలేదేమో, ఆయన కళ్లు కూడా చెమర్చాయి. బాబ్చి మాత్రం ఏడవలేదు. చెవి కాస్త మందం గనక మళ్లీ చెప్పించుకుని, శ్రద్ధగా విని, మోకాలి మీద చేతులానించి లేచి, వాండా జబ్బ పట్టుకుని మళ్లీ డీన్ గది వైపు తిప్పింది.

"నీకింకా ఏమేం రావో ఆలోచించుకోవే," అంది. "ఒక్కటీ దాచకుండా అన్నీ చెప్పేద్దాం పద."